వేడి నీళ్లలో పెడితే కాలివేళ్ల దురద ఎందుకు పెరుగుతుంది?

"చలికాలం రాగానే నా కాలివేళ్లు ఎర్రగా కంది ఉబ్బుతాయి. రాత్రి దుప్పటి కప్పుకోగానే ఒకటే దురద. వేడి నీళ్లలో పెడితే కాసేపు హాయిగా ఉంటుంది, తెల్లారేసరికి ఇంకా ఎక్కువవుతుంది. ఎందుకిలా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

వీటిని చిల్‌బ్లెయిన్స్ అంటారు. మంచు గడ్డకట్టే చలే ఉండాలని లేదు. సున్నా నుంచి 15 డిగ్రీల దాకా ఉండే తేమ చలి చాలు. ఇది అంటువ్యాధి కాదు. "రక్తం చెడిపోయింది" అనే మాట మాత్రం దయచేసి నమ్మకండి. చెడింది రక్తం కాదు, రక్తం వెళ్లే దారి ఇరుకైంది.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఆ ఇరుకులోని లెక్కే. 1840 ప్రాంతంలో పాయిజోయ్ అనే ఫ్రెంచ్ వైద్యుడు సన్నని గాజు గొట్టాల్లో నీళ్లు పారించి చూశాడు. ఒత్తిడి మారకపోతే, ప్రవాహం గొట్టం వ్యాసార్థపు నాలుగో ఘాతాన్ని (దాన్ని నాలుగుసార్లు వేసి గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుందని తేల్చాడు. అంటే గొట్టం వ్యాసార్థం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు! పదో వంతు తగ్గితేనే ప్రవాహంలో మూడో వంతు పోతుంది. దీన్ని క్లాసులో బట్టీ పట్టిస్తారు గానీ, "నీ బొటనవేలి కథ ఇదే" అని ఎవరూ చెప్పరు. చెబితే ఒక్క పిల్లాడూ మర్చిపోడు.

ఒకసారి బొటనవేలి గోరును నొక్కి వదలండి. తెల్లబడిన చోటికి రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగొస్తుంది. కాలు బాగా చల్లబడ్డాక అదే చేసి చూడండి, రంగు రావడానికి ఎక్కువసేపు పడుతుంది. నాలుగో ఘాతం అక్కడ కంటికి కనిపిస్తుంది.

అసలు నాళాన్ని బిగించేది ఎవరు? చలి తగలగానే సింపథెటిక్ నరాల (మన ప్రమేయం లేకుండా వాటంతటవే పనిచేసే నరాలు) చివర్ల నుంచి నోరాడ్రినలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. దాన్ని అందుకునే ఆల్ఫా-2సి గ్రాహకాలు వెచ్చగా ఉన్నప్పుడు నాళపు కండర కణాల లోపలే దాగి ఉంటాయి. చల్లబడితే కణం ఉపరితలానికి వస్తాయి. దాంతో నోరాడ్రినలిన్ అంతే ఉన్నా బిగింపు పెరుగుతుంది. శరీరం మధ్యభాగపు వేడిని కాపాడుకోవడానికి వేళ్లకు రక్తం తగ్గించే ఏర్పాటు ఇది.

ఇప్పుడు అలాంటి వేలిని వేడి నీళ్లలో ముంచారు. బయటి నుంచి వేడెక్కిన కణాల పని వేగం పుంజుకుంటుంది. ప్రతి 10 డిగ్రీలకు ఆ వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఆక్సిజన్ కావాలని కణాలు అడుగుతుంటే, రక్తం తెచ్చే సన్న ధమనులు ఇంకా బిగుసుకునే ఉంటాయి. తర్వాత అవి తెరుచుకున్నప్పుడు సన్న నాళాల నుంచి ద్రవం కణజాలంలోకి ఊరుతుంది, చుట్టూ లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు చేరతాయి. వాపు, మంట, దురద అన్నీ వీటి వల్లే. దుప్పటి కింద దురద లేచేదీ వేలు వెచ్చబడినందుకే. పైగా తిమ్మిరెక్కిన కాలికి నీళ్ల వేడి తెలియదు, చర్మం కాలిపోవచ్చు.

అందుకని తడిస్తే ముందు కాలు పొడిగా తుడిచి, మామూలు గది వేడిలో నిదానంగా వెచ్చబడనివ్వండి. గోకకండి. సాధారణంగా రెండు మూడు వారాల్లో అవే తగ్గిపోతాయి. పదేపదే వస్తుంటే డాక్టర్లు నిఫెడిపిన్ రాస్తారు. అది నాళపు కండరంలోకి కాల్షియం పోనివ్వదు, కాల్షియం లేకపోతే బిగింపు లేదు. అయితే రోగులపై జరిపిన పరీక్షల్లో దాని ఫలితాలు అందరిలో ఒకేలా రాలేదు. బీపీని తగ్గించే మందు కాబట్టి సొంతంగా వాడకూడదు. పొగతాగడం నాళాలను ఇంకా బిగిస్తుంది. పుండు పడినా, చీము వచ్చినా, మూడు వారాలు దాటినా, ఎండాకాలంలోనూ ఉన్నా డాక్టర్‌కు చూపించాలి, లూపస్ (శరీర రక్షణ వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) లాంటిది వెనక ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లు ఒక్కరోజు కూడా ఆగొద్దు.

నివారణలో చాలామంది చేసే పొరపాటు బిగుతు బూటులో రెండు జతల సాక్సు. అది వేలిని నొక్కి నాళాన్ని ఇంకా ఇరుకు చేస్తుంది. వేళ్లు కదిలేంత వదులు ఉండాలి. సాక్సు వేడిని పుట్టించదు, ఉన్న వేడిని పోనివ్వదంతే. కాబట్టి కాళ్లు చల్లబడ్డాక కాదు, వెచ్చగా ఉన్నప్పుడే తొడగండి. ఇంకో మాట: ఛాతీ, పొట్ట వెచ్చగా ఉంటే శరీరం వేళ్ల నాళాలను తానే తెరుస్తుంది. కాలివేళ్ల కోసమైనా ముందు స్వెటర్ వేసుకోండి.