పాతికేళ్లకి పింఛను, యాభైకి గొంతులు, డెబ్బై అయిదుకి జెండా

పంద్రాగస్టు అంటే బడిలో జెండా, పిల్లలకి చాక్లెట్లు, ఎర్రకోట మీద ప్రధాని ప్రసంగం. ఏటా జరిగే తంతే. లెక్క పెట్టుకోదగ్గ ఏడు వచ్చినప్పుడు మాత్రం, అంటే పాతిక, యాభై, డెబ్బై అయిదు నిండినప్పుడు, ఈసారి దేన్ని తలుచుకోవాలో సర్కారు తేల్చుకోవాల్సి వస్తుంది. మన దేశంలో మూడుసార్లూ మూడు వేర్వేరు జవాబులొచ్చాయి. వాటిలో 1972 జవాబుకే ఎక్కువ బరువుందని నా అభిప్రాయం.

అసలు తేదీ మీదే మొదట్నించీ ఏకాభిప్రాయం లేదు. 1929 డిసెంబరు ఆఖర్లో లాహోర్ కాంగ్రెస్ సంపూర్ణ స్వరాజ్యం తీర్మానించాక, 1930 నుంచి కాంగ్రెస్‌వాళ్లు స్వాతంత్ర్య దినంగా జరుపుకున్నది జనవరి 26. ఆగస్టు 15ని ఎంచింది మౌంట్‌బాటన్. జపాన్ లొంగిపోయిన రోజుకి అది రెండో వార్షికం. జ్యోతిష్కులు ఆ రోజు మంచిది కాదన్నారు, అందుకే రాజ్యాంగ సభ 14 రాత్రే కొలువుదీరింది. పాత తేదీ ఊరికే పోకూడదని, 1949 నవంబరు 26న ఆమోదించిన రాజ్యాంగాన్ని రెండు నెలలు ఆపి జనవరి 26న అమల్లోకి తెచ్చారు.

మొదటి పంద్రాగస్టు అందరికీ పండగేం కాదు. గాంధీ ఢిల్లీలో లేరు. కలకత్తాలోని బేలియాఘాటాలో ఉపవాసముండి నూలు వడుకుతూ గడిపారు. తమిళనాట ద్రవిడ ఉద్యమ నాయకుడు పెరియార్ దాన్ని సంతాప దినమన్నారు. ఆయన అనుచరుడు అన్నాదురై ఒప్పుకోలేదు. రెండు దేశాల మధ్య సరిహద్దు అయిన రాడ్‌క్లిఫ్ గీత బయటపెట్టింది 17న కాబట్టి, పంజాబులో, బెంగాల్లో చాలామందికి తాము ఏ దేశంలో ఉన్నారో 15న తెలీదు. పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లాలో కొన్ని ఊళ్లు ఇప్పటికీ ఆగస్టు 18న జెండా ఎగరేస్తాయి. మన దగ్గర హైదరాబాద్ సంస్థానం ఇంకా నిజాం చేతిలోనే ఉంది, ఆ రోజు అక్కడి కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థని అరెస్టు చేశారు. అక్కడికి భారత సైన్యం వచ్చింది 1948 సెప్టెంబరులో. ఫ్రెంచివాళ్ల యానాం విముక్తమైంది 1954 జూన్‌లో. ఇన్ని తేదీలున్న దేశానికి పండగ ఒక్కటే.

పదేళ్లు నిండిన 1957లో ఒక అనుకూలం కుదిరింది. అది 1857 సిపాయిల తిరుగుబాటుకి నూరేళ్లు కూడా. రెండూ కలిపి జరిపారు. ప్రభుత్వం సురేంద్రనాథ్ సేన్‌తో అధికారిక చరిత్ర రాయించింది. 1857 మొదటి స్వాతంత్ర్య యుద్ధం కాదు పొమ్మని చరిత్రకారుడు ఆర్.సి. మజుందార్ అడ్డం తిరిగారు. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక 1972. బంగ్లాదేశ్ యుద్ధం గెలిచి ఏడాది కూడా కాలేదు. ఇందిరా గాంధీకి తిరుగులేదు. ఆ ఆగస్టు 15 నుంచి కేంద్రం స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం మొదలుపెట్టింది. నెలకి కనీసం 200 రూపాయలు. తామ్రపత్రాలు కూడా ఇచ్చారు. మన ఉత్తరాల మీద రాసే పిన్‌కోడ్ కూడా అదే రోజు మొదలైందని చాలామందికి గుర్తుండదు, వేడుకల్లో అన్నిటికన్నా ఎక్కువ కాలం పనికొచ్చింది బహుశా అదే.

పింఛను రాగానే ఇంకో ప్రశ్న తలెత్తింది. సమరయోధుడంటే ఎవరు? ముఖ్యమైన షరతు, జైల్లో కనీసం ఆరు నెలలు ఉండటం. ఆడవాళ్లకీ ఎస్సీ, ఎస్టీలకీ తర్వాత మూడు నెలలు చాలన్నారు. జైలు రికార్డు కావాలి, అది దొరక్కపోతే తోటి ఖైదీ ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. ముప్పై ఏళ్ల కిందటి జైలు పుస్తకాలు చెదలు తినేస్తే ముసలాయన ఎక్కడ తెచ్చేది? అజ్ఞాతంలో ఉన్నవాళ్లకి అన్నం పెట్టి దాచిన ఇంటికి ఈ లెక్కలో గడే లేదు. మొదట ఏడాదికి 5,000 రూపాయల ఆదాయ పరిమితి ఉండేది, అంటే పేదలైతేనే పింఛను. 1980 ఆగస్టులో ఆ పరిమితి ఎత్తేసి పేరులో ‘సమ్మాన్’ చేర్చారు. సాయం గౌరవమైంది. ఏ ఉద్యమం లెక్కలోకి వస్తుందన్న జాబితా కూడా పెరుగుతూ పోయింది. నిజాం మీద 1938-39లో ఆర్యసమాజం చేసిన సత్యాగ్రహాన్ని కేంద్రం 1985లో గుర్తించింది. హైదరాబాద్ విముక్తి కోసం సరిహద్దు క్యాంపుల్లో ఉన్నవాళ్లూ తర్వాత జాబితాకెక్కారు. ఈ దరఖాస్తుల్ని నేరం రుజువు చేసినంత కచ్చితంగా చూడొద్దని 2001లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మొత్తం మీద 1.7 లక్షల మందికి పైగా, కుటుంబాలతో కలిపి, మంజూరైంది. దొంగ సర్టిఫికెట్ల గొడవలూ తక్కువేం కాదు. అయినా పండగ పేరుతో మొదలై ఇంటింటికీ నెలనెలా మనియార్డరులా చేరిన పని ఇదొక్కటే.

ఆ సంబరాల్లోనే ఇంకో ముచ్చట ఉంది. వేల ఏళ్ల తర్వాత తవ్వుకునేవాళ్ల కోసమని, పాతికేళ్ల దేశ చరిత్ర రాసి ఒక ‘కాలపాత్ర’లో పెట్టి 1973 ఆగస్టు 15న ఎర్రకోట దగ్గర భూమిలో పాతారు. లోపలున్నది ఒక కుటుంబం కథేనని ప్రతిపక్షాలు గోల చేశాయి. 1977లో జనతా ప్రభుత్వం వచ్చి దాన్ని తవ్వి తీయించింది. వేల ఏళ్ల కోసం పాతింది అయిదేళ్లు కూడా ఉండలేదు.

1997కి వచ్చేసరికి కేంద్రంలో సంకీర్ణం. ప్రధాని గుజ్రాల్. దళిత కుటుంబంలో పుట్టిన కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతి అయి నెల కూడా కాలేదు. అర్ధరాత్రి పార్లమెంటు సెంట్రల్ హాల్లో గాంధీ, నెహ్రూ, బోసుల గొంతుల రికార్డులు వినిపించారు. భీమ్‌సేన్ జోషి, లతా మంగేష్కర్ పాడారు. ఆ తర్వాత జరిగిన ప్రత్యేక సమావేశాల్లో సభ్యులు రోజుల తరబడి మాట్లాడారు, రాజకీయాల్లోకి నేరస్తులు రాకూడదన్న మాటతో కలిపి ఒక తీర్మానాన్ని సెప్టెంబరు 1న ఏకగ్రీవంగా ఆమోదించారు. తీర్మానం ఏమైందో తర్వాతి ఎన్నికల్లో అభ్యర్థుల్ని చూసినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

డెబ్బై అయిదుకి జెండా వంతు వచ్చింది. ‘ఆజాదీ కా అమృత్ మహోత్సవ్’ దండి యాత్ర తేదీ అయిన మార్చి 12న, 2021లో సబర్మతి దగ్గర మొదలైంది. ఇంచుమించు 75 వారాల ముందు. 2022 ఆగస్టు 13 నుంచి 15 దాకా ఇంటింటా త్రివర్ణం. పోస్టాఫీసుల్లో జెండా 25 రూపాయలకి అమ్మారు. అన్ని ఇళ్లకీ చేతి నేత ఖద్దరు సరిపోదు కదా, అందుకు 2021 డిసెంబరు 30నే ఫ్లాగ్ కోడ్ మార్చి మిషను మీద నేసిన పాలిస్టర్‌ని అనుమతించారు. హుబ్బళ్లిలో జెండాలు నేసే ఖాదీ సంఘం నిరసన తెలిపింది. 1921లో బెజవాడ ఏఐసీసీ సమావేశాలప్పుడు గాంధీకి జెండా నమూనా చూపించిన పింగళి వెంకయ్య పేరిట ఆగస్టు 2న పోస్టల్ స్టాంపు వచ్చింది. అంతకుముందు జూలైలో భీమవరంలో అల్లూరి 30 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. మనవాళ్లకి అవి సంతోషమే.

పండగ పక్కనే దుఃఖానికీ ఒక రోజు పెట్టారు. 2021లో ఆగస్టు 14ని దేశ విభజన గాయాల స్మారక దినంగా ప్రకటించారు. పాకిస్తాన్ స్వాతంత్ర్య దినం కూడా అదే. అదే ఏడాది, అమరుల పేర్ల సంపుటం నుంచి 1921 మలబారు తిరుగుబాటుకి చెందిన 387 పేర్లు తీసేయాలని చరిత్ర పరిశోధన మండలి కమిటీ ఒకటి సిఫారసు చేసింది. 1972లో ఎవరిని చేర్చుకోవాలని మొదలైన జాబితా వాదన, ఇప్పుడు ఎవరిని తీసేయాలన్న దగ్గరికి వచ్చింది.

తర్వాతది 2047. ఆ ఏటికల్లా అభివృద్ధి చెందిన దేశం కావాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. అంటే నూరేళ్ల పండగకి గడిచినదానికన్నా చేరాల్సినదే ముందు ఖరారైంది. క్విట్ ఇండియాలో జైలుకెళ్లిన కుర్రవాడికి అప్పటికి నూట ఇరవై దాటుతాయి. పింఛను ఇవ్వాల్సిన మనిషి ఎవరూ మిగలరు.