మోదుగపువ్వు, అది చిలకా ఏంటి?

ఫిబ్రవరి వస్తే చాలు బెంగళూరులో ఎవరి స్టేటస్ చూసినా టబెబుయా ఫోటోలే, గులాబీవి, పసుపువి, బాగానే ఉంటాయి గానీ అవి దక్షిణ అమెరికా నుంచి తెచ్చి నాటిన చెట్లు. ఇదే టైమ్‌కి మన అడవుల్లో పూసేది మోదుగ. మొన్న ఆదివారం బన్నేరుఘట్ట దాటి బండి మీద పోతుంటే ఒక్క ఆకు లేకుండా చెట్టంతా నారింజ రంగు, ఇక బండి ఆపక ఏం చేస్తాం. వెనక కూర్చున్న కన్నడ ఫ్రెండ్ "ముత్తుగ" అన్నాడు, నేను మోదుగ అన్నా, పలకడంలో పెద్ద తేడా లేదు. మా అమ్మమ్మ విస్తళ్ళు కుట్టింది ఈ ఆకులతోనే.

కింద రాలిన పువ్వొకటి తీసి చూశా. మొదట్లో నల్లటి వెల్వెట్ లాంటి చిన్న గిన్నె, అందులోంచి వంకర తిరిగిన రేక, అచ్చం చిలక ముక్కే. సంస్కృతంలో కింశుకం అంటారు కదా, కిం శుకం, అంటే "ఇది చిలకా?" అని, చెట్టు పేరే ఒక ప్రశ్న! బోటనీ పేరు బ్యూటియా మోనోస్పెర్మా. బ్యూటియా అనేది 1762లో బ్రిటన్ ప్రధాని అయిన లార్డ్ బ్యూట్ పేరు మీద పెట్టింది, ఆయనకి మొక్కల పిచ్చి ఉంటే ఉండొచ్చు, మన చెట్టుకి ఆయన పేరెందుకో. మోనోస్పెర్మా అంటే ఒకటే గింజ అని, అది మాత్రం కరెక్ట్, కాయ చివర ఒక్క గింజే ఉంటుంది, మిగతాదంతా పల్చటి రెక్కలా ఉండి గాలికి ఎగిరిపోతుంది.

వాసన చూస్తే ఏమీ లేదు. ఎంత అందం ఉన్నా చదువు లేనివాళ్ళు వాసన లేని కింశుకాల్లాంటివాళ్ళని పాత శ్లోకం ఒకటుంది, నాకైతే ఆ పోలిక అన్యాయం అనిపిస్తుంది. వాసన మన కోసం కాదు కదా, చాలా పువ్వులు పురుగుల్ని పిలవడానికి వాసన వేస్తాయి, మోదుగ పిలిచేది ముఖ్యంగా పిట్టల్ని, తేనెపిట్టలు గోరింకలు లాంటివాటిని, అవి పువ్వుల్ని వెతికేది ఎక్కువగా కళ్ళతో. ఎరుపు నారింజ వాటికి దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనపడతాయి, ఆకులు కూడా రాల్చేసి పూస్తుంది కాబట్టి అడ్డమేమీ ఉండదు, లోపల తేనె దండిగా. పిట్ట ఆ తేనె కోసం ముక్కు దూర్చి నొక్కితే చిలకముక్కు రేకలో దాక్కున్న కేసరాలు బయటపడి పుప్పొడి దాని ఒంటికి అంటుకుంటుంది.

నిజం చిలకలూ వస్తాయి, కాకపోతే వాటికి అంత ఓపిక లేదు, పువ్వునే కొరికి తేనె తాగేసి పారేస్తాయి. మేం నిలబడ్డ పది నిమిషాల్లో మావాడి హెల్మెట్ మీద అలాంటివి రెండు పడ్డాయి.