పడమటి గాలి ఎవరికి ముందు తెలిస్తే

బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే విజయవాడ, గుంటూరు జనం చూపు తూర్పుకి తిరుగుతుంది. కల్లంలో మిర్చి ఆరబోసిన రైతుకి కబురు ఒక్కరోజు ముందు అందినా పట్టాలు కప్పుకుని పంట దక్కించుకుంటాడు. ఐరోపాలో దిక్కు మారుతుంది. అక్కడ వాతావరణం చాలావరకు పడమటి నుంచి, అట్లాంటిక్ మీదుగా వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ తేడా ఎంత పని చేసిందో!

1944 జూన్‌లో మిత్రరాజ్యాల (అమెరికా, బ్రిటన్ తదితరుల) సైన్యం ఇంగ్లిష్ ఛానల్ దాటి, జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగాలి. తెల్లవారుజామున ఆటు ఉంటేనే ఒడ్డున జర్మన్లు పాతిన అడ్డంకులు బయటపడతాయి. విమానాల నుంచి పారాచూట్‌తో దూకే పారాట్రూపర్లకి వెన్నెల కావాలి. రెండూ కలిసొచ్చే రోజులు నెలలో కొన్నే. అందుకే జూన్ 5 ఖాయం చేశారు.

ఐర్లండ్ పడమటి కొసన బ్లాక్‌సాడ్ అనే చోటు ఉంది. ఐర్లండ్ యుద్ధంలో ఏ పక్షమూ చేరలేదు, అయినా అక్కడి వాతావరణ రీడింగులు బ్రిటన్‌కి అందేవి. బ్లాక్‌సాడ్ పోస్టాఫీసులో పనిచేసే మౌరీన్ ఫ్లావిన్ అనే అమ్మాయి, జూన్ 3న బారోమీటర్ చూసి, వాయుపీడనం వేగంగా పడిపోతోందని కబురు పంపింది. అంటే గాలివాన వస్తోందన్నమాట. మరోసారి చూసి చెప్పమని ఫోన్ వచ్చింది. చూసింది. రీడింగ్ సరైనదే. ఎందుకు అంతగా అడుగుతున్నారో ఆమెకి తెలియదు.

సేనాపతి ఐసెన్‌హోవర్‌కి వాతావరణ సలహాదారు జేమ్స్ స్టాగ్. ఆయనకి అంచనాలిచ్చే నిపుణులే ఒక మాట మీద లేరు. అమెరికన్లు 5న పర్లేదన్నారు, బ్రిటిష్ వాళ్లు వద్దన్నారు. స్టాగ్ వద్దనే చెప్పాడు. దాడి ఒకరోజు వాయిదా పడింది. నిజమైన టెన్షన్ మాత్రం 4వ తేదీ రాత్రిది. బయట గాలీవానా ఉండగా, 6న కొంతసేపు తెరిపి ఇస్తుందని స్టాగ్ చెప్పాడు. ఆగమనడం కంటే వెళ్లమనడానికే ఎక్కువ గుండె ధైర్యం కావాలని నా నమ్మకం. ఐసెన్‌హోవర్ సరేనన్నాడు. 6న దాదాపు 1,56,000 మంది నార్మండీకి చేరారు.

జర్మన్లకి అట్లాంటిక్ నుంచి రీడింగులు అందడం చాలా తక్కువ. ఆ వాతావరణంలో దాడి జరగదనుకుని, తీర రక్షణ చూసే జర్మన్ సేనాని రోమెల్, తన భార్య పుట్టినరోజుకి ఇంటికి వెళ్లాడు.

6న కూడా ఆగిపోయి ఉంటే? ఆటు మళ్లీ అనుకూలించేది సుమారు రెండు వారాల తర్వాత, 19వ తేదీ ప్రాంతంలో. సరిగ్గా ఆ 19నే ఛానల్‌లో భీకరమైన తుపాను మొదలై మూడు రోజులు ఊపేసింది. ఒమాహా తీరంలో అమెరికన్లు కట్టుకున్న కృత్రిమ రేవు మళ్లీ పనికిరాకుండా ధ్వంసమైంది.