పొత్తు తెగితే ప్రభుత్వం పడినట్టేనా?

2009 మార్చి 7 రాత్రి ఆంధ్రలోని ఇచ్ఛాపురం నుంచి మా బావ ఫోన్ చేశాడు. "మీ ప్రభుత్వం పడిపోయిందట కదా!" ఒడిశాను కలిసి ఏలుతున్న బీజేడీ (బిజూ జనతా దళ్), బీజేపీల పదకొండేళ్ల పొత్తు తెగిందని టీవీలో చూశాడట. నేను ఒడిశాలోని బరంపురంలో విలేకరిని. ఆ వారమంతా టీ కొట్టు దగ్గరా, బస్టాండులోనూ ఇదే ప్రశ్న. ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. బరంపురం, రాయగడ, పర్లాకిమిడి తెలుగువాళ్లం చూసేది తెలుగు చానెళ్లు, ఓటు వేసేది ఒడిశాలో. ఇక్కడి రాజకీయాన్ని ఆంధ్ర అనుభవంతో కొలుస్తాం. చాలా అపోహలు అక్కడే పుడుతున్నాయి.

అపోహ: భాగస్వామి తప్పుకుంటే ప్రభుత్వం పడిపోతుంది.

వాస్తవం: తలల లెక్క చూడాలి. 147 మంది ఉన్న సభలో కావలసింది 74. 2004లో బీజేడీ గెలిచినవి 61, బీజేపీ 32. అంటే బీజేడీకి తక్కువ పడింది 13. జేఎంఎం (ఝార్ఖండ్ ముక్తి మోర్చా), వామపక్షాలు, స్వతంత్రులు కలిసి ఆ లోటు పూడ్చారు. మార్చి 11న బీజేడీ ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ మూజువాణి ఓటుతో బలపరీక్ష నెగ్గారు. ఒక్కొక్కరినీ లేపి లెక్కపెట్టి ఉంటే ఎవరికీ అనుమానం ఉండేది కాదని ఇప్పటికీ అనుకుంటాను. 1971 జనవరిలో ఇలా జరగలేదు. భాగస్వామి జన కాంగ్రెస్ తప్పుకోగానే స్వతంత్ర పార్టీకి చెందిన ఆర్.ఎన్. సింగ్ దేవ్ ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. 140 మంది సభలో స్వతంత్ర పార్టీ 1967లో గెలిచినవి 49 మాత్రమే. అంత పెద్ద లోటును పూడ్చేవాళ్లు దొరకలేదు.

అపోహ: గవర్నర్ తలుచుకుంటే చాలు.

వాస్తవం: మనవాళ్లకు 1984 ఆగస్టు గుర్తుంది. ఎన్టీఆర్‌ను గవర్నర్ రామ్‌లాల్ రాత్రికి రాత్రే దించేశారు. ఆ భయం న్యాయమైనదే. కానీ 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తేలాల్సింది సభలోనేనని చెప్పింది. 2009లో గవర్నర్ భండారే కూడా సభలో నిరూపించుకోమనే అడిగారు.

అపోహ: ఫిరాయింపుల చట్టం పొత్తుకూ వర్తిస్తుంది.

వాస్తవం: వర్తించదు. ఆ చట్టానికి పార్టీ తెలుసు, పొత్తు తెలియదు.

అపోహ: పొత్తు తెగింది కంధమాల్ జిల్లా అల్లర్ల వల్లే.

వాస్తవం: కంధమాల్‌ను చిన్నది చేసి చెప్పలేను. 2008 ఆగస్టు 23న అక్కడ విశ్వహిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య జరిగింది. ఆ తర్వాత క్రైస్తవుల ఇళ్లు, చర్చిలు తగలబడ్డాయి. వేలమంది శిబిరాల పాలయ్యారు. కొందరు బరంపురం వచ్చి తలదాచుకున్నారు, వాళ్లతో మాట్లాడిన రోజులు నేను మర్చిపోలేదు. రెండు పార్టీల మధ్య నమ్మకం అప్పుడే చెడింది. అయినా ఆ తర్వాత ఆరు నెలలు బీజేపీ మంత్రులు పదవుల్లోనే ఉన్నారు. చివరికి తెగింది సీట్ల దగ్గర. పాత ఒప్పందం ప్రకారం అసెంబ్లీకి బీజేడీ 84, బీజేపీ 63. లోక్‌సభకు 12, 9. బీజేపీ వాటా బాగా తగ్గించాలని బీజేడీ పట్టుబట్టింది, వాళ్లు ఒప్పుకోలేదు. దీని వెనక భువనేశ్వర్‌లో కనిపించని సంగతి ఒకటుంది. పొత్తులో అవతలి పార్టీకి పోయిన నియోజకవర్గంలో ఇవతలి పార్టీ నాయకుడు ఏళ్ల తరబడి జెండా మోస్తాడు, తనకు మాత్రం టికెట్ రాదు. అతని వెంట ఉన్నవాళ్లూ విసిగిపోతారు. ఆ టెన్షన్ కింది నుంచి పైకి పాకుతుంది. పొత్తుల వార్తలు రాసేటప్పుడు నేను ముందు వెతికేది ఆ నాయకుణ్ణే.

అపోహ: ఒడిశాలో సంకీర్ణం 2000లో మొదలైంది.

వాస్తవం: మన పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి 1941 నుంచి 1944 వరకు సంకీర్ణ ప్రభుత్వం నడిపారు.

అపోహ: పొత్తు తెంచినవాళ్లను జనం శిక్షిస్తారు.

వాస్తవం: 2009 ఎన్నికల్లో బీజేడీకి 103 వచ్చాయి, బీజేపీకి 6. ఆ ఆరు సీట్ల పార్టీయే 2024లో 78 గెలిచి, ఏ పొత్తూ లేకుండా ఒడిశాలో ప్రభుత్వం ఏర్పాటు చేసింది.