పలుగురాయి, గాజుగోళీ

నల్లగొండ

చిన్నూ, అమ్ములూ,

మొన్న సెలవుల్లో స్టీలు గ్లాసు చురుక్కుమంటే చాయ్ అంతా గచ్చుమీద పోశావు కదా చిన్నూ. నాయనమ్మ మళ్లీ పింగాణి కప్పులో పోసిచ్చింది. "కప్పులోంచి వేడి ఎంత పోతుందో కొలవకుండానే చెప్పొచ్చా తాతా?" అని అమ్ములు అడిగితే నిద్రొస్తోందని తప్పించుకున్నాను. ఇప్పుడు చెప్తాను.

లోహాల్లో వేడిని మోసేది ముఖ్యంగా ఎలక్ట్రాన్లు. పింగాణిలో ఆ పని పరమాణువుల వణుకుది. పానగల్ చెరువులో రాయి వేశాం, గుర్తుందా? తేట నీళ్లలో అల ఎంతో దూరం పోయింది. తుంగ ఉన్న మూలన అక్కడే అణిగింది. పరమాణువులు సాలు తప్పకుండా ఉంటే వణుకు కూడా అలలా సాగుతుంది, చెదిరిపోతే ఆగుతుంది. మన చెలకల్లో దొరికే పలుగురాయి, అంటే క్వార్ట్జ్, సిలికానే, స్వచ్ఛమైన సిలికా గాజు కూడా అదే. కానీ పరమాణువులు సాలుగా ఉన్న క్వార్ట్జ్ స్ఫటికం వేడిని పోనిచ్చే లెక్క (మీటరుకు, డిగ్రీకి ఇన్ని వాట్లని) దిశను బట్టి 6 నుంచి 11 దాకా ఉంటే, అవి చెదిరి ఉన్న ఆ గాజుది 1.4 మాత్రమే.

1911లో ఐన్‌స్టీన్ వేరేలా ఊహించాడు. ప్రతి పరమాణువూ తనంతట తాను వణుకుతూ, బంతిలో కూర గిన్నెను పక్కవాడి చేతిలో పెట్టినట్టు, ముందుకో వెనక్కో వేడిని అందిస్తుందని. స్ఫటికాలకు ఆ లెక్క ఘోరంగా తప్పింది, పది రెట్లకు పైగా తక్కువ వచ్చింది. 1980ల చివర కేహిల్, పోల్ అనే శాస్త్రవేత్తలు చూస్తే అదే లెక్క గాజుకు దాదాపు సరిపోయింది! నాకు ఈ కథంటే భలే ఇష్టం.

పింగాణి లాంటిదే జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్). అందులో యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) కలిపితే రెండు యిట్రియం పరమాణువులకు ఒక ఆక్సిజన్ చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలు ఎక్కడపడితే అక్కడ పడతాయి. అందుకే వేడిని పోనిచ్చే దాని లెక్క సుమారు 2 దగ్గరే ఉంటుంది, విమానం ఇంజన్ లోపలి రెక్కలకు వేడి తగలకుండా దాన్ని పూత పూస్తారు. అమ్ములు అడిగినట్టు కొలవకుండా ముందుగా లెక్కగట్టాలంటే కంప్యూటర్లో కొన్ని వేల పరమాణువులు పేర్చి, ఖాళీలను చీటీలు తీసినట్టు పంచి, ఏ వణుకు అలలా పోతుందో, ఏది పక్కకు మాత్రమే పాకుతుందో విడదీస్తారు. పాకేవాటికి 1989లో అలెన్, ఫెల్డ్‌మన్ అనే శాస్త్రవేత్తలు సూత్రం ఇచ్చారు. చీటీలు మార్చి మార్చి తీసి సగటు చూస్తారు. చిక్కల్లా పొడుగు అలలతోనే, అవి ఆ చిన్న పెట్టెలో పట్టవు.

పొద్దున్నే పలుగురాయినీ గాజుగోళీనీ చెంపకు ఆనించి, ఏది చల్లగా తగిలిందో నాకు రాయండి.

మీ తాత