అలీ, టైసన్ తలపడితే? అపోహలు - వాస్తవాలు

బాక్సింగ్ ప్రాక్టీస్ మధ్యలో ప్యాడ్స్ విప్పి నీళ్లు తాగే ఐదు నిమిషాల్లో మా కుర్రాళ్లు తెగని పంచాయితీ ఒకటి పెడతారు: వేర్వేరు కాలాల హెవీవెయిట్ చాంపియన్లు మహమ్మద్ అలీ, మైక్ టైసన్ తలపడితే ఎవరు గెలుస్తారు? కోచ్‌గా నాకిది కాలక్షేపం కబురు కాదు. ఎవరు ఎవరిని ఎలా కొట్టగలరో ఆలోచిస్తేనే ఆట ఒంటబడుతుంది.

అపోహ: కంప్యూటర్‌కి లెక్కలిస్తే తేల్చేస్తుంది.

వాస్తవం: ఆ పని ఎప్పుడో చేశారు. 1969లో అలీని, అప్పటికే రిటైరైన చాంపియన్ రాకీ మార్సియానోని మయామిలో రింగ్ ఎక్కించి, కంప్యూటర్ తేల్చిన ఫలితం పేరుతో చూపడానికి రకరకాల ముగింపులు చిత్రీకరించారు. అమెరికాలో చూపిన దాంట్లో 13వ రౌండ్‌లో మార్సియానో నాకౌట్ చేశాడు. యూరప్‌లో చూపిన దాంట్లో అలీ గెలిచాడు.

అపోహ: అలీ కాలపు బాక్సర్ జో ఫ్రేజియర్ అలీని ఓడించాడు, మరో బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ని చిత్తు చేశాడు. కాబట్టి అలీ మీద ఫోర్‌మన్‌దే పైచేయి.

వాస్తవం: 1974లో కిన్షాసాలో ఎనిమిదో రౌండ్‌లో ఫోర్‌మన్‌ని అలీ పడగొట్టాడు. మీదికి దూసుకొచ్చే ఫ్రేజియర్ ఫోర్‌మన్‌కి సులువయ్యాడు. తాళ్లకు ఆనుకుని, ఫోర్‌మన్ అలసిపోయేదాకా కొట్టించుకున్న అలీ కొరుకుడు పడలేదు.

అపోహ: టైసన్ పొట్టి, అలీ జాబ్ (ముందు చేత్తో తిన్నగా విసిరే పంచ్) దాటి లోపలికి రాలేడు.

వాస్తవం: అలీ ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, టైసన్ 5 అడుగుల 10. కానీ టైసన్ నేర్చుకున్నదే పొడుగువాళ్ల జాబ్ కింద నుంచి దూరడం: గ్లవ్స్ రెండూ చెంపలకు ఆనించి, తల ఒక్కచోట నిలవనీయకుండా. పైగా పంచ్ వస్తే గడ్డం తిన్నగా వెనక్కి లాగడం అలీ అలవాటు, చేతులేమో కిందే ఉంటాయి. మొన్న ఇద్దరు కుర్రాళ్లతో ఇదే చేయించాను. పొడుగువాడు మొదటి పంచ్‌కి వెనక్కి వంగి తప్పించుకున్నాడు. పొట్టివాడు ఆగకుండా రెండో అడుగు వేసేసరికి పొడుగువాడి బరువంతా మడమల మీదుంది, ఇక కదలడానికి లేదు. లెఫ్ట్ హుక్‌ని (ఎడమ చేత్తో పక్కనుంచి తిప్పి కొట్టే పంచ్) సరిగ్గా దవడ పక్కన ఆపించాను. 1963లో హెన్రీ కూపర్, 1971లో ఫ్రేజియర్ అలీని పడగొట్టింది ఆ పంచ్‌తోనే. టైసన్‌కి అది కొట్టినపిండి.

అపోహ: అయితే టైసన్ పంచ్ ఒకటి తగిలితే చాలు, అయిపోయినట్టే.

వాస్తవం: ఆ రెండుసార్లూ అలీ లేచి నిలబడ్డాడు. టైసన్‌కి చిరాకు తెప్పించేది క్లించ్, అంటే కొట్టనీయకుండా వాటేసుకోవడం. 1987లో బోన్‌క్రషర్ స్మిత్ అతన్ని వాటేసుకుంటూనే 12 రౌండ్లూ నెట్టుకొచ్చాడు. ఎదుటివాడి మెడ పట్టి కిందికి వంచడంలో అలీ దిట్ట.

ఇక ఏ ఏటి అలీ, ఏ ఏటి టైసన్ అన్నది తేల్చకుండా ఎంత వాదించినా వృథా. 1966లో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని ఆడుకున్న అలీని, 1988లో మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో ముగించిన టైసన్‌ని తీసుకుందాం. అలీ కార్నర్‌లో నేనుంటే మొదటి నాలుగు రౌండ్లూ ఊపిరి బిగబట్టే చూస్తాను. ఐదో రౌండ్ గంట మోగేసరికి అలీ కాళ్లు ఇంకా ఆడుతుంటే ఆట అలీదే. ఆనాటి 15 రౌండ్ల బౌట్ అయితే పాయింట్ల దాకా వెళ్లదు, పదో రౌండ్ దాటాక రిఫరీ ఆపేస్తాడని నా అంచనా.