రాయిగిరి బండ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా

నల్లగొండ, పాలమూరు బడుల పిల్లలకు విహారయాత్ర అంటే ఎక్కువగా హైదరాబాదే. పొద్దున్నే బయలుదేరిన బస్సు చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు, బిర్లా మందిర్ చుట్టి, పొద్దు వాలే వేళకు లుంబినీ పార్కుకు చేరుతుంది. అక్కడ పడవ ఎక్కి, చెరువు నడుమ నిలబడ్డ బుద్ధుడి దగ్గర దిగి, ఆ పీఠం చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఫొటోలు దిగి వెనక్కి రావడంతో ఆ రోజు ముగుస్తుంది. ఆ విగ్రహాన్ని ఎన్టీఆర్ పెట్టించాడని, పడవ మీద తీసుకుపోతుంటే నీళ్లలో పడిపోయిందని చాలామందికి తెలుసు. అది ఏ బండలోంచి వచ్చింది, ఆ బండ ఉన్న నేలకూ బుద్ధుడికీ ఉన్న సంబంధం ఎంత పాతది అన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. తెలంగాణ బౌద్ధ స్థలాలను పర్యాటకులకు దగ్గర చేయాలన్న మాట తరచుగా వినిపిస్తున్న ఈ కాలంలో, నగరంలో అందరూ చూసే ఈ ఒక్క విగ్రహం వెనుక ఉన్న చరిత్రను నల్లగొండ వైపు నుంచి ఒకసారి చెప్పుకోవడం అవసరం.

హుస్సేన్‌సాగర్ హైదరాబాద్ నగరం కంటే పాతది. గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1560లలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో ఆ చెరువు కట్ట పడింది. చార్మినార్ లేచింది ఆ తర్వాత, 1591లో. మూసీ నుంచి కాలువ తీసి నింపిన ఈ చెరువు చాలాకాలం తాగునీటికి, సాగునీటికి పనికివచ్చింది. కట్ట మీద రోడ్డు పడి, దానికి రెండు వైపులా హైదరాబాద్, సికింద్రాబాద్ పెరిగిన తర్వాత అది జంటనగరాల నడుమ వారధి అయింది. ఇరవయ్యో శతాబ్దం చివరి దాకా చెరువు మధ్యలో ప్రత్యేకంగా చూడవలసినదేమీ లేదు. జిబ్రాల్టర్ రాక్ అని పిలిచే ఒక రాతి దిబ్బ మాత్రం ఉండేది.

1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి.రామారావు 1984లో చికిత్స కోసం అమెరికా వెళ్లాడు. న్యూయార్క్ రేవులో నీటి మధ్య నిలిచిన స్వేచ్ఛా విగ్రహం చూసి, అంతటి విగ్రహం ఒకటి తన రాష్ట్ర రాజధానిలోనూ ఉండాలని ఆయన అనుకున్నాడని ఆనాటి నుంచి చెప్పుకుంటున్నారు. ఎవరి విగ్రహం అన్న ప్రశ్నకు ఆయన ఎంచుకున్న జవాబు బుద్ధుడు. 1985లో బుద్ధపూర్ణిమ ప్రాజెక్టు పేరుతో పని మొదలైంది. సిమెంటుతోనో లోహంతోనో పోతపోసిన విగ్రహం కాకుండా ఒకే రాతిలోంచి తీసిన విగ్రహం కావాలన్నది నిర్ణయం. ఆ నిర్ణయమే కథను నల్లగొండ జిల్లాకు తీసుకువచ్చింది.

అరవై అడుగుల దాకా పగులు లేకుండా, మధ్యలో చారలు, బలహీనమైన పొరలు లేకుండా ఉన్న గ్రానైట్ బండ దొరకడం సులువు కాదు. పైకి నున్నగా కనిపించే గుట్టలో కూడా లోపల సన్నని నెర్రె ఒక్కటి ఉంటే చాలు, నెలల తరబడి చేసిన పని ఒక్క దెబ్బతో రెండు ముక్కలవుతుంది. ఎంతో వెతికిన తర్వాత అలాంటి బండ భువనగిరి పక్కన, వరంగల్ రోడ్డు మీద, యాదగిరిగుట్టకు మళ్లే చోట ఉన్న రాయిగిరి గుట్టలో దొరికింది. భువనగిరి ప్రాంతం వాళ్లకు ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద వెలసిన భువనగిరి కోట కూడా ఒకే బండ మీద ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో బండ కొట్టడం తరతరాలుగా ఉన్న బతుకుదెరువు. బండలో వరుసగా రంధ్రాలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దించి, సమ్మెటతో వరుస తప్పకుండా ఒక్కొక్కదాన్నీ కొంచెం కొంచెంగా కొట్టుకుంటూ పోతే, రాయి తాను ఒప్పుకున్న దారిలో చీలుతుంది. ఆ చప్పుడులో తేడా విని, లోపల రాయి గట్టిగా ఉందో లేదో చెప్పగల వాళ్లు ఆ పనివాళ్లలో ఉంటారు.

ప్రధాన శిల్పి ఎస్.ఎం. గణపతి స్థపతి ఆధ్వర్యంలో వందలమంది పనివాళ్లు రాయిగిరిలో ఆ తెల్ల గ్రానైట్‌ను చెక్కారు. నిలబడి, కుడిచెయ్యి ఎత్తి అభయమిస్తున్న బుద్ధుడు; ఎత్తు 58 అడుగులు; బరువు 300 టన్నులకు మించినది. విగ్రహం గుట్ట దగ్గరే రూపు దిద్దుకున్నా నిలబెట్టవలసింది యాభై, అరవై కిలోమీటర్ల దూరంలోని చెరువు మధ్యన. చాలా చక్రాలున్న భారీ ట్రెయిలర్ మీద దాన్ని పడుకోబెట్టి, అంగుళం అంగుళం చూసుకుంటూ హైదరాబాద్‌కు తరలించారు. విగ్రహం కోసం నగరంలో కొన్ని రోడ్లను వెడల్పు కూడా చేశారు. చెరువు మధ్యలో పీఠం సిద్ధమైంది. ఈలోగా ప్రభుత్వం మారింది. 1989 డిసెంబర్‌లో మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు, విగ్రహాన్ని నిలబెట్టే బాధ్యత కొత్త ప్రభుత్వం మీద పడింది.

1990 మార్చి 10న విగ్రహాన్ని బార్జి మీదికి ఎక్కించి పీఠం వైపు కదిలించారు. ఒడ్డు నుంచి ఎంతో దూరం పోకముందే బార్జి ఒక పక్కకు ఒరిగింది, విగ్రహం జారి నీళ్లలోకి పోయింది. దానితోపాటు బార్జి మీద ఉన్న పలువురు పనివాళ్లు మునిగిపోయి ప్రాణాలు కోల్పోయారు. ఇన్నేళ్ల తర్వాత ఈ సంఘటనను చెప్పుకునే తీరులో నాకు కష్టం కలిగించే విషయం ఒకటి ఉంది. విగ్రహం ఎన్నాళ్లు నీటి అడుగున ఉంది, చెక్కుచెదరకుండా ఎలా పైకి వచ్చింది అన్నదాన్ని అద్భుతంగా చెప్పుకుంటారు. చనిపోయిన పనివాళ్లు ఆ అద్భుతంలో ఒక వాక్యంగా మిగిలిపోతారు. బండను కొట్టినవాళ్లు, లాగినవాళ్లు, దాని కింద పోయినవాళ్లు లేకుండా ఈ విగ్రహం లేదు. పడవ దిగిన పిల్లలకు చెప్పే కథలో వాళ్లకు మొదటి చోటు దక్కాలి.

విగ్రహం దాదాపు రెండేళ్ల తొమ్మిది నెలలు చెరువు అడుగున పడి ఉంది. బురదలో కూరుకుపోయిన అంత బరువును విరగకుండా పైకి తేవడం, మొదటిసారి తరలించడం కంటే కష్టమైన పని. చివరికి 1992 డిసెంబర్ 1న, కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, బుద్ధుడు పీఠం మీద నిలిచాడు. అంటే మొదలుపెట్టిన ముఖ్యమంత్రి ఒకరు, ప్రమాదం నాటి ముఖ్యమంత్రి మరొకరు, నిలబెట్టిన ముఖ్యమంత్రి ఇంకొకరు. ఒడ్డున లుంబినీ పార్కు 1994లో వచ్చింది. 2006లో దలైలామా వచ్చి విగ్రహం దగ్గర పూజ జరిపారు.

బుద్ధుడి చుట్టూ ఉన్న ఒడ్డు మాత్రం ఆ తర్వాత కూడా మారుతూనే ఉంది. ట్యాంక్‌బండ్ మీద అదే ఎన్టీఆర్ కాలంలో పెట్టిన తెలుగు ప్రముఖుల విగ్రహాల వరుసలో పాలమూరు గడ్డకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి ఉన్నా, మొత్తం మీద తెలంగాణ వాళ్లు తక్కువన్న అసంతృప్తి మొదటి నుంచి ఉంది. 2011 మార్చి 10న, ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్ నాడు, ఆ వరుసలో చాలా విగ్రహాలు కూలాయి. బార్జి ఒరిగిన తేదీ కూడా మార్చి 10 కావడం కేవలం యాదృచ్ఛికమే, కానీ ఆ ఒడ్డున ఎవరికి చోటు దక్కాలన్న ప్రశ్న ఎంత బలమైనదో ఆ రోజు తెలిసింది. 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, అదే నెల 30న కొత్త సచివాలయం ప్రారంభమయ్యాయి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో కలిసి బౌద్ధం స్వీకరించిన అంబేద్కర్, బుద్ధుడికి కనుచూపు మేరలో నిలబడడం ఈ ఒడ్డుకు నిండుతనం తెచ్చిందని నేను నమ్ముతాను.

ఇంతవరకు చెప్పింది నలభై ఏళ్ల కథ. హైదరాబాద్‌కూ నల్లగొండకూ నడుమ బుద్ధుడి బాట దీనికంటే చాలా పాతది, అది మూసీ వెంట నడిచింది. దిల్‌సుఖ్‌నగర్ పక్కన చైతన్యపురిలో, మూసీ ఒడ్డున నరసింహస్వామి గుడి ఉన్న గుట్ట మీద బ్రాహ్మీ లిపిలో ఒక ప్రాకృత శాసనం ఉంది. అందులో గోవిందరాజ విహారం అన్న బౌద్ధ విహారం ప్రస్తావన కనిపిస్తుంది. నగరం పరిధిలో దొరికిన శాసనాల్లో అత్యంత ప్రాచీనమైనదిగా దీన్ని చెబుతారు. అంటే గోల్కొండ సుల్తానులు రావడానికి వెయ్యేళ్ల ముందే ఈ నేల మీద భిక్షువులు ఉన్నారు. అదే మూసీ వెంట కిందికి పోతే రామన్నపేట దగ్గరి తుమ్మలగూడెంలో ఇంద్రపాలగుట్ట వస్తుంది. అక్కడ దొరికిన విష్ణుకుండి రాజుల రాగిరేకులు, ఇంద్రపురంలో మహాదేవి కట్టించిన బౌద్ధ విహారానికి గోవిందవర్మ చేసిన దానాన్ని చెబుతున్నాయి. జిల్లా చరిత్ర కోసం ఊరూరూ తిరిగిన బి.ఎన్. శాస్త్రి వంటి వారి శ్రమ వల్లే ఇలాంటి ఆధారాలు జనం ముందుకు వచ్చాయి.

ఈ వరుసలో అన్నిటికంటే నిండైన స్థలం ఫణిగిరి. సూర్యాపేట నుంచి జనగామ పోయే దారిలో, ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని నాగారం మండలంలో ఉన్న ఆ గుట్ట దూరం నుంచి చూస్తే పడగ విప్పిన పాములా కనిపిస్తుంది, పేరు కూడా అలాగే వచ్చిందంటారు. గుట్ట మీదికి ఎక్కితే పెద్ద స్తూపం, ఒక కొస గుండ్రంగా ఉన్న చైత్యగృహాలు (బౌద్ధుల ప్రార్థనా మందిరాలు), భిక్షువుల గదుల పునాదులు, రాతి స్తంభాలతో విశాలమైన మండపం కనిపిస్తాయి. 1940లలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ ఇక్కడ తొలిసారి తవ్వింది. మళ్లీ 2001 నుంచి జరిగిన తవ్వకాల్లో సున్నపురాయి మీద చెక్కిన తోరణం భాగాలు, బుద్ధుడి జీవిత ఘట్టాల శిల్పాలు, శాసనాలు బయటపడ్డాయి. వాటిలో ఒక స్తంభ శాసనం ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి పద్దెనిమిదో పాలనా సంవత్సరానిది. దాన్ని వేయించినవాడు రాజు కాదు, ఒక ప్రధాన వైద్యుడు. ధర్మచక్రాన్ని నిలిపినట్టు అందులో చెప్పుకున్నాడు. 2024లో ఇదే గుట్ట మీద ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన తొలినాటి భారతీయ బౌద్ధ కళా ప్రదర్శనలో ఫణిగిరి శిల్పాలు కొలువుతీరాయి. ఏ నగరంలో విగ్రహం చూసి హుస్సేన్‌సాగర్ బుద్ధుడి ఆలోచన మొదలైందని చెప్పుకుంటామో, ఆ నగరానికే నల్లగొండ శిల్పులు పదహారు, పదిహేడు వందల ఏళ్ల కిందట చెక్కిన బుద్ధుడు వెళ్లాడు.

ఫణిగిరి ఒంటరి స్థలం కూడా కాదు. దాని చుట్టుపక్కలే తిరుమలగిరి, వర్ధమానుకోట, గాజులబండ వంటి చోట్ల బౌద్ధ అవశేషాలు ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ఏలేశ్వరం ఉండేది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నిండినప్పుడు, ఎదుటి గట్టున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగినట్టే, ఇటువైపు ఏలేశ్వరమూ మునిగింది. మునిగేలోగా తవ్వి తీసినవి మ్యూజియాలకు చేరాయి. ఆ జలాశయం పక్కనే నందికొండలో 270 ఎకరాలకు పైగా స్థలంలో బుద్ధవనం కట్టి 2022 మే 14న తెరిచారు. అమరావతి స్తూపాన్ని తలపించే పెద్ద స్తూపం అందులో ఉంది.

ఇప్పుడు ఈ ముక్కలన్నీ విడివిడిగా ఉన్నాయి. నగరంలో విగ్రహం ఒక సాయంత్రపు పడవ షికారు. బుద్ధవనం సాగర్ డ్యాం చూడబోయిన వాళ్లు దారిలో ఆగే చోటు. ఫణిగిరి చరిత్ర చదివినవాళ్లు వెతుక్కుంటూ పోయే గుట్ట. చైతన్యపురి శాసనం చుట్టూ కాలనీలు పెరిగిపోయాయి. హుస్సేన్‌సాగర్ అలుగు నీళ్లు మూసీలో కలిసి, నగరం మురుగునంతా మోసుకుని, ఇంద్రపాలగుట్ట పక్క నుంచి నల్లగొండ పొలాలకు వస్తున్నాయి. నల్లగొండ రాయి నగరానికి అందం తెచ్చింది, బదులుగా ఆ చెరువు వైపు నుంచి జిల్లాకు అందుతున్నది మురికినీరు. మూసీ శుద్ధి గురించి మాట్లాడేటప్పుడు కింది గట్టు పల్లెలను లెక్కలోకి తీసుకోవాలని ఈ జిల్లా వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నది ఇందుకే.

పర్యాటక శాఖ చేయగలిగిన పనులు ఖర్చుతో కూడినవి కావు. లుంబినీ పార్కు జెట్టీ దగ్గర రాయిగిరి పేరు, గణపతి స్థపతి పేరు, 1990 మార్చి 10న ప్రాణాలు పోయిన పనివాళ్ల పేర్లు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో పెద్ద అక్షరాలతో రాయించవచ్చు. అక్కడి నుంచి చైతన్యపురి, రాయిగిరి, తుమ్మలగూడెం, ఫణిగిరి మీదుగా సాగర్ చేరే రెండు రోజుల బస్సు యాత్ర నడపవచ్చు. ఫణిగిరి గుట్ట ఎక్కేవాళ్లకు మంచినీళ్లు, నీడ, అక్కడ దొరికిన శిల్పాల్లో కొన్నింటినైనా అక్కడే చూపించే మ్యూజియం కావాలి. ముందుగా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి జిల్లాల బడులు తమ విహారయాత్రను హైదరాబాద్‌తో ఆపకుండా, వచ్చే దారిలోనో పోయే దారిలోనో రాయిగిరి గుట్ట దగ్గర బస్సు ఆపితే, పిల్లలకు ఆ విగ్రహం వెనుక ఉన్న బండను కూడా చూపించినట్టవుతుంది.